అడుసు తొక్కనేల?

నల్లా కట్టకుండా పిల్లవాడు బడికి బయలుదేరితే తల్లి ఊరుకుంటుందా? వీధి మలుపు దాకా పోయినవాణ్ణి కూడా వెనక్కి పిలిచి, నల్లా కట్టించి గాని పంపదు. ఇంట్లో నలుగురే ఉన్ననాడు పదిమందికి సరిపడా ఎసరు పెట్టదు. పసివాళ్ళకు అందే చోట కిరసనాయిలు సీసా ఉంచదు. ఈ బుద్ధులు ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకున్నవి కావు. ఆ తల్లి కన్న పిల్లలు చదువుకునే కళాశాలలో ప్రయోగశాల అని ఒక గది ఉన్నది. ఆ గది గడప దాటేటప్పుడు ఈ ఇంటి బుద్ధులన్నిటినీ చెప్పులతో పాటు బయటనే విడిచి వెళుతున్నామేమోనని కొంతకాలంగా నాకు అనుమానం.

నేను తెలుగు పాఠం చెప్పుకునే దాన్ని. ఆమ్లాలతో, క్షారాలతో నాకు పని లేదు. కరీంనగర్ జిల్లాలో నేను పనిచేసే కళాశాలలో కొనుగోళ్ళ సంఘంలో వేరే శాఖ మనిషి ఒకరు ఉండాలని నన్ను వేశారు. రసాయనశాస్త్రం వారి సామాను జాబితా మీద సంతకం పెట్టాలి. జాబితా మూరెడు, డబ్బు జానెడు. సంతకం పెట్టేముందు ఒకసారి కళ్ళతో చూద్దామని ప్రయోగశాలకు వెళ్ళాను.

లోపల క్లాసు లేదు. ఒక మూల చిన్న మంట మీద గాజుబుడ్డిలో ఏదో మరుగుతున్నది. దాని ఆవిరిని చల్లార్చే గాజుగొట్టం చుట్టూ నల్లా నీళ్ళు ధారగా పారి, తిన్నగా తూములోకి పోతున్నవి. తూము దగ్గర అటెండరు గాజుసామాను కడుగుతున్నాడు. కళాశాలలో చిన్నా పెద్దా అందరూ ఆయనను ‘కాకా’ అనే పిలుస్తారు. ఆయన చేతులు చూసి ఆగిపోయాను. వేళ్ళ సందుల్లో తోలు లేచిపోయింది. గోళ్ళు పసుపు రంగుకు తిరిగినవి.

“ఇదేం కాకా, చేతులు ఇట్ల అయినయి?” అన్నాను.

“ఏం కాదు మేడం. యాసిడ్ నీళ్ళ పని గదా, గిట్లనే ఉంటయి. ఎండకాలం సెలవులల్ల మానుతయి. మళ్ళ కాలేజి తెరువంగనే మొదలైతయి” అన్నాడు, చేతులు వెనక్కి పెట్టుకుంటూ.

ఏటా సెలవుల్లో మాని, జూన్‌లో మళ్ళీ పుట్టే పుండు! ఆ రోజు నేను సంతకం పెట్టలేదు. ఆ రసాయనశాస్త్రం ఉపన్యాసకుడు నా సందేహాలకు విసుక్కోకుండా, మర్నాటి నుంచి నాతోపాటు లెక్క వేయడం మొదలుపెట్టారు. మేమిద్దరం నేర్చుకున్నదే ఈ వ్యాసం.

ఒక లీటరు నీటికి అర కిలో బొగ్గు

మొదటి లెక్క బకెట్ లెక్క. ఆ చల్లార్చే గొట్టం నుంచి వచ్చే నీళ్ళ కింద పది లీటర్ల బకెట్ పెడితే అయిదు నిమిషాల్లో నిండింది. అంటే నిమిషానికి రెండు లీటర్లు. ఆ ప్రయోగం రెండు గంటలు నడుస్తుంది. కనుక 240 లీటర్లు, ఇరవై నాలుగు బకెట్లు! ఆ నీళ్ళలో మురికి ఏమీ లేదు. కాస్త వెచ్చబడినవి, అంతే. కరీంనగర్ నల్లాలకు నీరిచ్చే దిగువ మానేరు జలాశయం ఎండకాలంలో అడుగంటిన సంవత్సరాలు మన ఎరుకలోనివే. అప్పుడు బిందెలు పట్టుకొని వరుసలో నిలబడినవాళ్ళమే మనం.

రెండవది స్వేదనజలం లెక్క. నీటిని మరిగించి, ఆవిరి చేసి, మళ్ళీ చల్లార్చి పట్టేది స్వేదనజలం. ఒక లీటరు నీటిని మామూలు వేడిమి నుంచి పూర్తిగా ఆవిరి చేయడానికి సుమారు 0.7 యూనిట్ల కరెంటు కావాలి. ఇది భౌతికశాస్త్రం లెక్క, బేరం లేదు. బొగ్గు కేంద్రాలలో ఒక యూనిట్ పుట్టడానికి సుమారుగా 0.7 కిలోల బొగ్గు కాలుతుంది. రెండూ గుణిస్తే దాదాపు అర కిలో. ఆ ఆవిరిని చల్లార్చడానికి మళ్ళీ పన్నెండు పదమూడు లీటర్ల నల్లా నీళ్ళు కావాలి.

మన ప్రాంతం వారికి బొగ్గు అంటే చెప్పనక్కరలేదు. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి గనులలో మన తాతలూ, తండ్రులూ దిగారు. ఆ బొగ్గు మీదే రామగుండం విద్యుత్కేంద్రం 1983 నుంచి నడుస్తున్నది. ఇప్పుడు దాని శక్తి 2600 మెగావాట్లు. 2022లో అక్కడి జలాశయం మీదనే 100 మెగావాట్ల తేలియాడే సౌర విద్యుత్కేంద్రం కూడా వచ్చింది, సంతోషమే. అయినా మన తీగలలో వచ్చేదాంట్లో బొగ్గు పాలే ఇంకా పెద్దది. ఇంతకీ మా కళాశాలలో ఆ స్వేదనజలంతో ఏం చేస్తున్నారని చూస్తే, మురికి పరీక్షనాళికలను మొదటి కడుగు నుంచీ దానితోనే కడుగుతున్నారు. గనికార్మికుడు నేల లోపలికి దిగి తవ్వి తెచ్చిన అర కిలో బొగ్గు, నాలుగు గాజుగొట్టాలు కడిగి తూములోకి పోతున్నది.

మూడవది తూము లెక్క. మా తూము గొట్టం గోడ అవతల మురికికాలువలో కలుస్తుంది. కాలువ వాగులోకి, వాగు మానేరులోకి, మానేరు గోదావరిలోకి పోతుంది. సీసం, బేరియం, క్రోమియం, రాగి లవణాలు ఆ దారినే పోతున్నవి. ఇవి చెత్తలాగా కుళ్ళిపోయేవి కావు. ఎక్కడికి పోయినా అవి అవిగానే ఉంటవి.

పెద్దవాళ్ళ పెళ్ళికి పెద్ద ఖర్చు

ఇదేదో మన పేద కళాశాలల జబ్బు అనుకోకండి. ఉన్నవాళ్ళది ఇంకా పెద్ద జబ్బు. ప్రపంచంలోని జీవశాస్త్ర, వైద్య, వ్యవసాయ పరిశోధనశాలలు ఒక్క ఏడాదిలో పారవేసే ప్లాస్టిక్ సుమారు 55 లక్షల టన్నులు ఉండవచ్చునని 2015లో ఇంగ్లండులోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు అంచనా కట్టారు. ఒకసారి వాడి పారవేసే గొట్టాలు, మూతలు, చేతితొడుగులు, అన్నీ కలిపి. నమూనాలు దాచే అతిశీతల పెట్టెలను సున్నకు దిగువ 80 డిగ్రీల బదులు 70 డిగ్రీల దగ్గర ఉంచితే కరెంటు ఖర్చు మూడో వంతు దాకా తగ్గుతుందని కనుక్కొని, ఆ మీట తిప్పడమే ఒక ఉద్యమంగా ఇప్పుడు చేస్తున్నారు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ వారయితే, ప్రయోగశాలలు ఎంత పొదుపుగా, శుభ్రంగా నడుస్తున్నవో చూసి మెచ్చుకోలు పత్రాలిచ్చే పద్ధతినే పెట్టారు. గాజుసామాను కడిగి మళ్ళీ వాడండని అక్కడ కొత్తగా చెబుతున్నారు. మన కాకా ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని అదే!

ఈ ఆలోచనలకు ఒక శాస్త్రరూపం 1998లో వచ్చింది. పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ అనే ఇద్దరు అమెరికా రసాయనశాస్త్రజ్ఞులు ‘హరిత రసాయనశాస్త్రం’ అనే పేరు మీద పన్నెండు సూత్రాలు చెప్పారు. అందులో మొట్టమొదటిది ఏమంటే, వ్యర్థం పుట్టిన తర్వాత శుభ్రం చేయడం కన్న అసలు పుట్టకుండా చూడడం మేలు అని. మా ఉపన్యాసకుడు దీన్ని నాకు వివరించబోతుంటే నాకు నవ్వు వచ్చింది. “అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా నాయనమ్మ రోజూ అంటుండేది గదండీ!” అన్నాను. ఆయనా నవ్వారు. మన కేంద్ర శాస్త్ర సాంకేతిక విభాగం కూడా కళాశాలల కోసం ఇటువంటి ప్రయోగాలతో ఒక పుస్తకం వెలువరించిందని ఆయనే చెప్పారు.

ప్రయోగం మానవద్దు, చిన్నది చేయండి

పొదుపు అనగానే మన కళాశాలల్లో మొదట జరిగేది ప్రయోగాలు మానేయడం. పిల్లలు రికార్డు పుస్తకంలో పక్కవాడి అంకెలు దించుకుంటారు. మందులు మిగులుతవి, చదువు పోతుంది. ఇది పొదుపు కాదు, పస్తు.

అసలైన పొదుపు కొలతలో ఉన్నది. మామూలుగా విద్యార్థి ఒక ద్రావణాన్ని 20 మిల్లీలీటర్లు బుడ్డిలోకి తీసి, పైనున్న బ్యూరెట్ నుంచి రెండో ద్రావణాన్ని బొట్టుబొట్టుగా వదిలి, రంగు మారిన చోట ఆపుతాడు. మూడుసార్లు చేసి, కడుగుళ్ళతో కలుపుకుంటే తలకు కనీసం 100 మిల్లీలీటర్లు ఖర్చు. ముప్పైమంది క్లాసుకు మూడు లీటర్లు. అదే ప్రయోగాన్ని 2 మిల్లీలీటర్లతో చేయవచ్చు. గీతలున్న సన్నని పిపెట్‌ను స్టాండుకు బిగించి, పైన రబ్బరుగొట్టంతో ఒక ఇంజెక్షన్ సిరంజి తగిలిస్తే అదే చిన్న బ్యూరెట్. మూడు లీటర్లు కావలసిన చోట 300 మిల్లీలీటర్లు సరిపోతవి. మందులు పదో వంతు, తూములోకి పోయేది పదో వంతు, పిల్లల ముక్కులకెక్కే ఘాటూ పదో వంతు.

మరి లెక్క తప్పదా అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. తప్పుతుంది, జాగ్రత్త లేకపోతే. మామూలు బ్యూరెట్ నుంచి పడే చుక్క మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు. 20 మిల్లీలీటర్లలో ఒక చుక్క ఎక్కువైతే వచ్చే పొరపాటు నాలుగు వందల్లో ఒక వంతు. 2 మిల్లీలీటర్లలో అదే చుక్క నలభైలో ఒక వంతు. అందుకని గొట్టం మొన సన్నగా ఉండి చుక్క చిన్నదిగా పడాలి. పిల్లవాడు ఊపిరి బిగబట్టి పనిచేయాలి. పెద్ద బ్యూరెట్‌తో కూడా ఏడాదికి ఒకటి రెండు ప్రయోగాలు చేయించి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూపాలి. అప్పుడు పొరపాటు అంటే ఏమిటో, అది ఎక్కడ పుడుతుందో వాడికి ఒంటబడుతుంది. అంత పెద్ద పాఠం మూడు లీటర్లు పారబోసినా రాదు.

లవణాలను గుర్తుపట్టే పరీక్షలకు పరీక్షనాళిక నిండా మందు అక్కరలేదు. ఒక్క చుక్కలో ఒక్క చుక్క కలిపి రంగు చూసే పద్ధతిని ఆస్ట్రియాలో పుట్టి బ్రెజిల్‌లో స్థిరపడిన ఫ్రిట్జ్ ఫైగల్ వెనుకటి శతాబ్దంలోనే శాస్త్రంగా తీర్చిదిద్దాడు. దానికి గుంటలున్న పింగాణీ పలక కావాలి. పలక కొనలేకపోతే? ప్రతి ఇంట్లోనూ మందుబిళ్ళలు వేసుకున్నాక పారవేసే ప్లాస్టిక్ పట్టీలు ఉంటవి. వెనుక రేకు ఒలిచి కడిగితే పది గుంటల పలక తయారు. వేడి చేయని, గాఢమైన ఆమ్లాలు లేని పరీక్షలకు అది చాలు.

కొంచెంతో ఎక్కువ తెలుసుకోవడం మన తెలుగువాడికి కొత్త కాదు. భీమవరంలో 1895లో పుట్టి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ప్రకటించిన పద్ధతి ఏమిటి? కొద్దిపాటి రక్తంలోనో, మూత్రంలోనో ఉన్న భాస్వరాన్ని, మందు కలిపితే వచ్చే నీలిరంగు ముదురును బట్టి లెక్క కట్టడం. రోగి ఒంట్లోంచి బిందెడు రక్తం తీయలేం గదా! తక్కువలో తెలుసుకోవాలనే అవసరమే అక్కడ గురువు.

వంటింటి పాఠాలు

ఇక కాకా చేతుల సంగతి. గాజుసామాను తళతళలాడాలని పాతకాలం నుంచీ క్రోమిక్ ఆమ్లంలో నానబెట్టేవారు. పొటాషియం డైక్రోమేటును గాఢ గంధకామ్లంలో కలిపి చేసేది. అందులోని క్రోమియం రూపం కేన్సర్ కలిగించేదని ఎన్నడో తేలిపోయింది. తోలును కాల్చే గుణం సరేసరి. ఆయన గోళ్ళ రంగు దానిదే.

దాని అవసరం ఎందుకు వచ్చిందని ఆరా తీస్తే కారణం చాలా చిన్నది. మధ్యాహ్నం ప్రయోగాలు అయిపోయిన సామాను అట్లాగే బల్లల మీద పడి ఉండి, మర్నాడు గట్టిపడిన తర్వాత కాకా ముందుకు వస్తున్నది. ఎండిన అన్నం మెతుకు గిన్నెకు ఎట్లా పట్టుకుంటుందో ఇల్లాలిని అడగండి. తిన్న వెంటనే నీళ్ళు పోస్తే చేత్తో పోతుంది. తెల్లారితే గీకినా పోదు. ఇప్పుడు గంట కొట్టడానికి పది నిమిషాల ముందే పిల్లలు ఎవరి సామాను వారు కడుగుతున్నారు. ముందు సబ్బుపొడి, బ్రష్షు. తర్వాత రెండుసార్లు నల్లా నీళ్ళు. చివరి కడుగు ఒక్కటే స్వేదనజలం, అదీ సన్నమూతి సీసాలోంచి. జిడ్డు వదలకపోతే వాషింగ్ సోడా వేసిన వేడినీళ్ళలో నానవేస్తున్నారు. క్రోమిక్ ఆమ్లం సీసాను జాబితాలోంచి కొట్టివేశాం. కాకాకు మందమైన రబ్బరు తొడుగులు కొన్నాం. ముప్పై ఏళ్ళలో ఆయనకు వచ్చిన మొదటి జత అది.

చల్లార్చే గొట్టానికి మందు మన ఎండకాలమే చూపించింది. నలభై అయిదు డిగ్రీల ఎండలకు కరీంనగర్‌లో ఎయిర్ కూలర్ లేని ఇల్లు అరుదు. ఆ కూలర్ అడుగున నీటిని పైకి తోడే బుల్లి పంపు ఉంటుంది; కొన్ని వందల రూపాయల వస్తువు. దానిని ఒక టబ్బులో వేసి, గొట్టం తగిలిస్తే, అవే నీళ్ళు పైకి పోయి, చల్లార్చి, మళ్ళీ టబ్బులోకే వస్తవి. వేడెక్కితే మంచుగడ్డ ఒకటి వేస్తే సరి. ఇరవై నాలుగు బకెట్ల పని రెండు బకెట్లతో అయిపోతున్నది. కరెంటూ, నీళ్ళూ ఒకచోట ఉన్నవి గనక తీగ కట్టు సరిగా ఉన్నదా, ఎర్త్ ఉన్నదా అని ఎలక్ట్రీషియన్ చేత చూపించుకున్న తర్వాతే మొదలుపెట్టాం.

మేడ మీద గాజుపలక కప్పిన నల్లని తొట్టి ఒకటి పెట్టాం. ఎండకు నీరు ఆవిరై గాజుకు అంటుకొని, వాలుగా జారి సీసాలో పడుతుంది. మంచి ఎండలో చదరపు మీటరుకు రోజుకు సుమారు రెండు నుంచి నాలుగు లీటర్లు వస్తవి. మామూలు ప్రయోగాలకు ఆ నీరు చాలు. బొగ్గు అక్కరలేదు.

తగ్గించకూడనివి

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పొదుపు పేరుతో కొన్నిటిమీద చేయి వేయకూడదు. కళ్ళద్దాలు, గాలి బయటికి లాగే ఫ్యాను, మంటలు ఆర్పే సిలిండరు, కళ్ళు కడుక్కునే నీళ్ళ ఏర్పాటు, ఇవి జాబితాలో పైన ఉండాలి. పిపెట్‌ను నోటితో పీల్చే అలవాటు ఇంకా ఎక్కడైనా ఉంటే ఈ రోజే మాన్పించాలి. రబ్బరుబుడ్డి ఎంత, పిల్ల ప్రాణమెంత?

పాదరసపు థర్మామీటర్లు పగిలినప్పుడల్లా చీపురుతో ఊడ్చి పారేయడం మరొక పాత అలవాటు. జపాన్‌లోని మినమాటాలో పాదరసం చేపల ద్వారా మనుషులకెక్కి కాళ్ళూ చేతులూ పడిపోయిన జబ్బును 1956లో గుర్తించారు. ఆ ఊరి పేరుతోనే 2013లో దేశాల మధ్య ఒప్పందం కుదిరి 2017లో అమలుకు వచ్చింది. మనదేశంలో కొడైకనాల్‌లో ఒక థర్మామీటర్ల కర్మాగారం ఈ పాదరసపు చెత్త మూలంగానే 2001లో మూతబడింది. చాలా ప్రయోగాలకు ఎర్రని స్పిరిట్ థర్మామీటరు సరిపోతుంది. పాతవి పగిలేదాకా ఆగకుండా ఒక గట్టి డబ్బాలో విడిగా దాచాం.

జంతుశాస్త్రం వారు ఈ విషయంలో మనకు ముందున్నారు. కప్పలను కోయడం తగ్గించమని విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2011లో చెప్పింది, 2014లో మానేయమన్నది. నమూనాలతో, బొమ్మలతో చదువు సాగుతూనే ఉన్నది. కప్పలు చెరువుల్లో దోమలను తింటున్నవి.

కంసాలి దుమ్ము

చిన్నది చేసినా కొంత వ్యర్థం మిగులుతుంది. దానికి తూము పక్కన మూడు డబ్బాలు పెట్టాం. మొదటిది ఆమ్లాలకూ, క్షారాలకూ. రెండూ విడివిడిగా విషాలే. ఒకదానితో ఒకటి నెమ్మదిగా కలిస్తే ఉప్పూ నీరూ. ఆమ్లం మిగిలితే సున్నపురాయి ముక్కలు వేయడమే. బసంతనగర్, దేవాపూర్ సిమెంటు కార్ఖానాలు వెలసింది ఆ రాయి మీదనే గనక మనకు దానికి కరువు లేదు. లిట్మస్ కాగితం రంగు మారకుండా ఉన్నప్పుడే తూములో పోయడం.

రెండవది సీసం, బేరియం, రాగి వంటి లోహాలకు. రాగి ద్రావణంలో ఇనుపమేకులు వేస్తే ఎర్రని రాగి మేకుల మీదికి దిగుతుంది. పిల్లలకు అదే ఒక ప్రయోగం. మిగిలినదాన్ని వాన తగలని చోట వెడల్పు తొట్టిలో ఎండబెడితే బకెట్టెడు నీరు గుప్పెడు పొడి అవుతుంది. పేరు రాసి, మూత బిగించి దాచి, కొన్నేళ్ళకొకసారి హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లో ఉన్నటువంటి ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి చేర్చాలి. నాలుగు కళాశాలలు కలిస్తే బండి ఖర్చు నాలుగో వంతే.

మూడవ డబ్బా వెండిది. వెండి నైట్రేటు ఖరీదైన మందు. దాని బరువులో నూటికి 63 పాళ్ళు వెండే. ఉప్పును కొలిచే ప్రయోగంలో అది తెల్లని మడ్డిగా అడుగున దిగుతుంది. ఇన్నాళ్ళూ దాన్ని పారబోశారు. కరీంనగర్‌లో వెండితీగ పని చేసే కళాకారుల సంగతి దేశమంతటికీ తెలుసు. 2007లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కంసాలి తన దుకాణం చిమ్మిన దుమ్మును ఊరికే పారేస్తాడా? దాన్ని కూడా కొని, కడిగి, రవ్వంత లోహం తీసుకునేవాళ్ళుంటారు. అటువంటి ఊళ్ళో మనం వెండిని మురికికాలువకు దానం చేస్తున్నాం! మడ్డిని పోగుచేసి, జింకు ముక్కలతో, పలుచని ఆమ్లంతో పనిచేయిస్తే బూడిదరంగు వెండిపొడి తిరిగి వస్తుంది. కిందటేడు మొదటిసారి చెంచాడు పొడి చేతికి వచ్చిన రోజున పిల్లలు ఎగబడి చూశారు.

మోదుగుపూల దారిలో

ఈ సంగతులు మా నాలుగు గోడల మధ్యనే ఉండిపోయేవి. కాని ఫిబ్రవరిలో మాతృభాషా దినం నాడు మాట్లాడడానికి నన్ను ఆదిలాబాద్ అడవుల వైపు, ఉట్నూరుకు అవతల ఒక జూనియర్ కళాశాలకు పిలిచారు. దారి పొడుగునా మోదుగుచెట్లు ఆకు రాల్చి నిప్పుల్లాంటి పూలతో నిలబడ్డవి. సభ అయినాక కళాశాల చూపించారు. ఒక గదికి తాళం. ప్రయోగశాల అన్నారు.

“మందులు అయిపోయినయి మేడం. మళ్ళ నిధులొస్తెనే” అన్నాడు తాళంచెవి పట్టుకున్న కుర్ర ఉపన్యాసకుడు, సిగ్గుపడుతూ. తప్పు ఆయనది కాదు. నా వెనుక ఒక గోండు అమ్మాయి తన రికార్డు పుస్తకం గుండెకు హత్తుకొని నిలబడి ఉన్నది. అడిగి తీసి చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. రంగు మారిన చోట ఎర్ర సిరాతో గీత.

“ఈ రంగు నువ్వు చూసినవా బిడ్డా?” అని అడిగాను.

తల అడ్డంగా ఊపింది.

ఆ రాత్రి తిరుగు ప్రయాణంలో నాకు నిద్ర పట్టలేదు. హోళీ వస్తే ఆ అమ్మాయి ఊళ్ళో మోదుగుపూలు ఉడకబెట్టి రంగు తీస్తారు. ఆ పసుపు రంగు నీళ్ళకు సున్నపుతేట తగిలితే ముదురు నారింజకు తిరుగుతుంది. పసుపూ, సున్నమూ కలిపితే ఎర్రని పారాణి కావడం మన ఇళ్ళలో పెళ్ళినాడు చూడనివారెవరు? ఆమ్లమో క్షారమో చెప్పే సూచిక అంటే అదే. మందార రేకులు వేణ్ణీళ్ళలో వేస్తే ఆమ్లంలో ఎరుపు, క్షారంలో ఆకుపచ్చ. ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ 1664లో పూలరసంతోనే ఆమ్లాలనూ క్షారాలనూ గుర్తించే పద్ధతి రాశాడు. నిధులు వచ్చేదాకా తాళం వేసుకొని కూర్చోవలసిన చదువు కాదిది.

మా ఉపన్యాసకుడికి చెబితే ఆయన మాటలు తక్కువ మనిషి. వారం రోజుల్లో ఒక రేకు పెట్టె సిద్ధం చేశారు. అందులో మందుపట్టీలు, సూది తీసిన సిరంజిలు, చుక్కలసీసాలు పది, పలుచని ద్రావణాలు, లిట్మస్ కాగితం, కళ్ళద్దాలు, ఏ పూలు ఎట్లా నానబెట్టాలో రాసిన కాగితం. ఆ కాగితం తెలుగులో రాయడం నా వంతు అయింది. పాతికేళ్ళ ఉద్యోగంలో నేను రాసిన వాటిలో అంత పనికివచ్చింది మరొకటి లేదనుకుంటాను. పెట్టె బస్సులో వెళ్ళింది. తర్వాత ఒక రోజు ఆ కుర్ర ఉపన్యాసకుడు ఫోను చేసి, తాళం తీశామన్నాడు. ఆ అమ్మాయి పేరు నేను అడగలేదు. కాని ఎర్ర సిరా గీత ఉన్న చోట ఈసారి ఒక పూల మరక ఉండి ఉంటుంది.

కాకా చేతులు పూర్తిగా బాగయినవని చెప్పలేను. ముప్పై ఏళ్ళ పుండు అంత తొందరగా పోదు. అయితే ఈ జూన్‌లో కళాశాల తెరిచిన నెలరోజులకు ఎదురుపడి, తానే చేతులు చాచి చూపాడు. “ఈసారి మొదలు కాలే మేడం” అన్నాడు.

చదువుకునే పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఎన్ని మార్కులు వచ్చినవని రోజూ అడుగుతూనే ఉంటారు. ప్రయోగాల రోజున మాత్రం మరి రెండు ప్రశ్నలు అడగండి: “నీ చేత్తో చేసినవా? మిగిలింది ఎక్కడ పోసినవు?” ఈ రెంటికీ పిల్లవాడు తడుముకోకుండా జవాబు చెప్పగలిగితే, ఆ కళాశాల ఎంత పేదదైనా మంచి ప్రయోగశాల ఉన్నట్టే.